నీకేం పనొచ్చు?

ఎవరైనా చేత్తో పని చేస్తుంటే ఆగి చూడటం నాకు చిన్నప్పటి జబ్బు. గుంటూరులో మా వీధి మొదట్లో సైకిళ్లకి పంచర్లు వేసే ఆయన ఉండేవాడు. ఆయన ట్యూబుని నీళ్ల తొట్టిలో ముంచి తిప్పుతుంటే బుడగ ఎక్కడ లేస్తుందా అని చూస్తూ నిలబడి, బడికి ఆలస్యంగా పోయి, బయట మోకాళ్ల మీద నిలబడిన రోజులున్నాయి. పెళ్లయ్యాక కూడా ఆ బుద్ధి పోలేదు. మంగలి కత్తి నూరుతున్నా, స్వీటు షాపు ఆయన జిలేబీ చుడుతున్నా నా కాళ్లు వాటంతటవే ఆగిపోతాయి. మావారు నాలుగడుగులు ముందుకెళ్లి వెనక్కి తిరిగి చూసి, "అయిందా?" అంటారు.

నేను ఇరవై ఆరేళ్లుగా ఒక మిర్చి కొట్టులో పని చేస్తున్నాను. పేరుకి గుమస్తాని. అసలు పని మాత్రం కాయ చూడటం. రైతులు తెచ్చిన బస్తాల్లోంచి గుప్పెడు తీసి, రంగెంత, తేమెంత, రంగు పోయిన తాలు కాయలెన్ని అని చూసి సరుకు ఎలాంటిదో చెప్పాలి. మొదట్లో ఆడమనిషి చూసేదేమిటని ముఖం తిప్పుకున్న రైతులే తర్వాత్తర్వాత "అమ్మ చూసిందా?" అని అడగడం మొదలుపెట్టారు. అంతకుమించి ఆ పని గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. రోజూ అన్నం వండుకుంటాం, అలాంటిదే అదీ.

మా పక్కింట్లో కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మేడం ఒకరున్నారు. పోయిన మాఘమాసంలో ఒక సాయంత్రం గోడ మీదుగా పిలిచి, "ఆదివారం నాతో రండి. కొమ్మమూరు కాలువలో పడవ ప్రయాణం, నేతగాళ్ల ఊరు, కుండలు చేసే ఊరు. పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తాం. మా చెల్లెలు రాలేనంది, దాని సీటు ఖాళీగా ఉంది" అన్నారు.

మావారు విని నవ్వారు. "కాలవ చూడ్డానికి వ్యానెక్కి అంత దూరం పోవాలా? మన ఇంటెనకాల పారేది కాలవ కాదూ?"

"అది మురిక్కాలవ" అన్నాను.

"నీళ్లేగా" అన్నారాయన. నేను మాత్రం అప్పటికే లోపలికి వెళ్లి ఏ చీర కట్టుకోవాలో చూసుకుంటున్నాను. ఆదివారం ఎలాగూ మిర్చి యార్డుకి సెలవు.

పొద్దున ఆరింటికి వ్యాను బయలుదేరింది. మొత్తం పదకొండు మందిమి. మమ్మల్ని తీసుకెళ్లే గైడుకి అరవై దాటి ఉంటాయి. కత్తిరించిన తెల్లగడ్డం, మోచేతుల దాకా మడిచిన చొక్కా, భుజాన తువ్వాలు. వ్యాను కదలగానే ముందు సీటు పట్టుకుని లేచి నిలబడి, "నన్ను గైడనబాకండి. సాయిబు గారూ అంటే పలుకుతా. ఆరేళ్ల నుంచీ ఈ కాలవ మీద జనాన్ని తిప్పుతున్నా. మీకు ఏం కావాలన్నా అడగండి" అన్నాడు. ఆ చివరి మాటకి మేడం నా వైపు చూసి, "మీ ముందు ఆ మాట అనకుండా ఉండాల్సింది" అని గొణిగారు.

చేబ్రోలు దాటేసరికి బాగా తెల్లవారింది. రోడ్డుకి రెండు వైపులా కళ్లాల మీద మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. అందరూ కిటికీల్లోంచి ఫోన్లు బయటపెట్టి ఫోటోలు తీస్తున్నారు. నేను మాత్రం, ఇది రెండో కోత, దీనికింకా రెండెండలు పడాలి, అదిగో ఆ కుప్ప పక్కన తాలు ఏరకుండా వదిలేశారు, అనుకుంటూ కూర్చున్నాను. పత్తి చేలల్లో ఆఖరి తీత నడుస్తోంది. ఎండిన మోళ్ల మధ్య అక్కడక్కడా తెల్లగా మిగిలింది ఆడవాళ్లు వంగి ఒడిలోకి ఏరుతున్నారు.

బాపట్ల దాటాక ఒక లాకు దగ్గర పడవెక్కాం. ఇంజను పడవే. పైన తాటాకుల కప్పు వేసి, రెండు వైపులా బల్లలు వేశారు. నీళ్లు మట్టి రంగులో నెమ్మదిగా పోతున్నాయి. గట్ల మీద తాడిచెట్లు, బట్టలుతికే రాళ్లు, రేవుల్లో గేదెలు. సాయిబు గారు చెప్పడం మొదలుపెట్టాడు. ఒకప్పుడు ఈ కాలువ మీద చెన్నపట్నం దాకా పడవలు పోయేవట. ఉప్పు, ధాన్యం, పొగాకు అన్నీ ఇందులోనే. గాలి లేకపోతే మనుషులు గట్టు మీద నడుస్తూ పడవని తాడుతో లాక్కుపోయేవాళ్లట.

నేనడిగాను. "మరి ఎదురుగా ఇంకో పడవని లాక్కొస్తుంటే తాళ్లు రెండూ చిక్కుపడవా?"

ఆయన చెప్పడం ఆపి నన్ను చూశాడు. "ఆరేళ్లలో ఈ మాట ఎవురూ అడగలేదమ్మా. చిక్కుపడవు. ఒక పడవవాళ్లు ఆగి తాడు వదులు చేస్తారు. అది నీళ్లలో మునిగిద్ది. రెండో పడవ దాని మీదగా పోద్ది. చిన్నప్పుడు నా కళ్లతో చూశా."

"మీరు పడవ మీద పని చేశారా?"

"లేదమ్మా. మేం దూదేకులోళ్లం. మా నాన్న దూదేకే విల్లు భుజానేసుకుని పడవెక్కి, రేవు రేవుకీ దిగి, ఊళ్లో పరుపులూ దిళ్లూ విప్పి దూదేకి మళ్లీ కుట్టి ఇచ్చేవాడు. నేను ఆయనెనకాల సంచీ మోసేవాణ్ణి." అంతటితో ఆపి, గట్టు మీద కనపడుతున్న కొంగల వైపు చెయ్యి చూపించాడు.

మొదటి మజిలీ చీరాలకి ఇవతల ఒక నేత ఊరు. సందులోకి అడుగు పెట్టక ముందే టకటకమని మగ్గాల చప్పుడు వినపడింది. మమ్మల్ని తీసుకెళ్లిన ఇంట్లో నేలలో గుంట తీసి మగ్గం దింపారు. ఆ గుంటలో కాళ్లు పెట్టుకుని యాభై ఏళ్ల మనిషి నేస్తున్నాడు. వారంవారం జనం వస్తారేమో, ఆయన చెప్పే మాటలు కంఠతా వచ్చినట్టున్నాయి. నిలువు దారం పడుగు, అడ్డం దారం పేక, చీరకి మూడు రోజులు, ఫోటోలు తీసుకోవచ్చు. అందరూ తీసుకున్నారు. ఆయన చేతులు ఆడుతూనే ఉన్నాయి, చూపు మాత్రం ఎక్కడో ఉంది.

నేను గుంట అంచున కూర్చుని, "దారం తెగితే మీకెలా తెలుస్తుంది? కంటికి కనపడదే" అన్నాను.

"కంటితో ఎవరు చూశారండీ?" అన్నాడాయన. "చప్పుడు మారుతుంది. అదుగో వినండి." చెయ్యి ఆపి వేలు పైకెత్తాడు. పక్కింట్లో మగ్గం ఆడుతోంది. మేం వింటుండగానే ఆగిపోయింది. "ఇప్పుడు వాళ్లకి పడుగు దారం తెగింది."

మేడం ఒప్పుకోలేదు. "టీ తాగడానికి ఆపారేమో!"

"టీకి ఆగితే ఆ ఆగటం వేరండి. పేక పూర్తిగా కొట్టి ఆగుతాం. ఇది మధ్యలో ఆగింది."

మేడం జీవితమంతా రుజువు లేకపోతే సున్నా మార్కులు వేసిన మనిషి. గబగబా చెప్పులేసుకుని పక్కింటికి వెళ్లారు. మేం కిటికీ దగ్గర మూగాం. కాసేపటికి మొహం వెలిగిపోతూ తిరిగొచ్చారు. "తెగింది! ముడి వేస్తోందావిడ!" అంతవరకూ మమ్మల్ని సరిగ్గా చూడని ఆ నేతగాడు అప్పుడు నవ్వి, గుంటలోంచి లేచి, ఇంకెవరెవరి ఇళ్లలో ఎలాంటి చప్పుడు వస్తుందో వీధి చివరి దాకా నడిపించి మరీ వినిపించాడు. దాంతో మాకు గంట ఆలస్యమైంది.

మళ్లీ పడవెక్కి రెండు మైళ్లు పోయామో లేదో, కాలువ మొత్తం గుర్రపుడెక్క. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి పచ్చగా, ఊదా పూలతో, తివాచీ పరిచినట్టుంది. పడవవాడు వెదురు గడతో తోసి చూశాడు. ఆకులూ వేళ్లూ ఇంజను రెక్కకి చుట్టుకుని, అది దగ్గి దగ్గి ఆగిపోయింది. వెనక్కీ రాలేదు, ముందుకీ పోలేదు. చివరికి గడ వేసుకుంటూ ఎలాగో గట్టుకి చేర్చారు.

సాయిబు గారు వ్యాను డ్రైవరుకి ఫోను చేశాడు. వ్యాను అవతలి వంతెన మీదుగా చుట్టి రావాలి, గంటన్నర పడుతుంది. కుండలు చేసే ఊరు ఇక కుదరదు. మాతో వచ్చినవాళ్లలో ఒక బ్యాంకు ఆఫీసరు గారున్నారు, యాభై ఏళ్లుంటాయి. ఆయన చెమట తుడుచుకుంటూ, "ఇదేం ఏర్పాటండీ? నిన్ననే వచ్చి దారి చూసుకోవద్దా? ఈ ఎండలో గట్టు మీద నిలబెడతారా?" అని గట్టిగానే అన్నారు. సాయిబు గారు తల వంచుకుని, "తప్పు నాదే సార్. నాలుగు రోజుల కింద లేదు. గాలికి కొట్టుకొచ్చింది" అన్నాడు. పొద్దుటి నుంచీ అంత హుషారుగా ఉన్న మనిషి గొంతు ఒక్కసారిగా పల్చబడిపోయింది.

నీడ కోసం గట్టు దిగి నడిచాం. కాస్త దూరంలో తుంగ కట్టలు కట్టలుగా ఎండబెట్టి ఉంది. దాని వెనక రేకుల ఇల్లు, ముందు తాటాకు పందిరి. పందిరి కింద నేల మీద మేకులు కొట్టి, వాటికి పురికొస తాళ్లు బారుగా లాగి కట్టి, ఒకావిడ ఆ తాళ్ల మీద గొంతుక్కూర్చుని చాప నేస్తోంది. అరవై ఐదేళ్లుంటాయి. మమ్మల్ని చూసి లేవకుండానే కేకేసింది.

"ఏంది, ఎలచ్చనోళ్లా?"

"కాదమ్మా. కాలవ చూడ్డానికొచ్చాం. పడవ ఆగిపోయింది" అన్నాడు సాయిబు గారు.

"కాలవ చూడ్డానికి?" ఆవిడ కాలువ వైపొకసారి, మా వైపొకసారి చూసింది. "సరే, కుండలో నీళ్లున్నయ్. తాగండి."

నీళ్లు తాగి పందిరి కింద చేరాం. సాయిబు గారు నా పక్కన నిలబడి నెమ్మదిగా అన్నాడు. "ఆరేళ్లుగా ఈ ఇంటి ముందు నుంచే పోతున్నానమ్మా. ఈవిడ ఇక్కడుందని నాకు తెలీదు. పడవలోంచి చూస్తే గట్టొకటే కనపడుద్ది."

ఆవిడ పొడుగాటి పుల్లకి తుంగపోచ తగిలించి తాళ్ల మధ్యలోంచి అవతలికి దూర్చి, చిల్లులున్న చెక్కతో రెండు దెబ్బలు కొట్టి, అంచున పోచని మడిచేస్తోంది. మధ్యలో ఎరుపు పోచలతో డైమండు గళ్లు పడుతున్నాయి. అలవాటు ప్రకారం నేను ముందుకు జరిగి కూర్చున్నాను. మిగతావాళ్లు ఫోన్లు తీశారు.

ఆవిడ చెక్క కింద పెట్టింది. "నేను పని చేత్తంటే మీరు చుట్టూ నిలబడి చూత్తన్నారు. బానే ఉంది. మరి మీ పని నేనెప్పుడు చూడాల?"

తీసిన ఫోన్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి.

"నిన్నే, అయ్యా" అంది ఆఫీసరు గారితో. "నీకేం పనొచ్చు?"

"బ్యాంకులో ఆఫీసర్ని."

"అది ఉజ్జోగం. పనేం వచ్చని అడుగుతున్నా. చేత్తో ఏం చేత్తావ్?"

ఆయన కాసేపు ఆలోచించి, "సంతకం" అన్నారు. అందరం నవ్వాం. ఆయనకీ నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు. "దా, ఇట్టా వచ్చి ఆ చెక్క పట్టుకో" అని ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టింది. ప్యాంటు మోకాళ్ల దగ్గర పైకి లాక్కుని ఆయన కూర్చున్నారు.

మేడం తాను లెక్కలు చెబుతానన్నారు. "అయితే చెప్పు, ఈ గడి కొస సరిగ్గా మధ్యలో పడాలంటే తాళ్లు సరి కట్టాలా, బేసి కట్టాలా?" అంది ఆవిడ. మేడం నోటితో లెక్కేసుకుని "బేసి" అనగానే, "ఆ, చదువుకున్నావ్" అని తలాడించింది. ఎన్ని సన్మానాలు జరిగాయో ఆ మేడంకి, అంత సంబరపడటం నేనెప్పుడూ చూడలేదు.

తర్వాత నా వంతు వచ్చింది. "మిరపకాయలు చూస్తాను" అన్నాను. చెబుతుంటే నాకే అది పనిలా అనిపించలేదు. "ముట్టుకుని ఎంత ఎండాయో చెబుతాను."

"అవునా? ఉండు." ఆవిడ లోపలికి వెళ్లి, గోనె పట్టా కప్పిన తట్ట ఒకటి ఎత్తుకొచ్చి నా ముందు దించింది. "ఇంటెనకాల రెండు సాళ్లు ఏసుకున్నా. బాగా ఎండినయ్. రేపు డబ్బాలో పోసి మూత పెడదామనుకుంటన్నా. చెప్పు."

అందరూ నా చుట్టూ మూగారు. కొట్టులో నా మీద ఎవరి చూపూ ఉండదు. రైతు చూసేది నా మొహాన్ని, ఎంత మాట అంటానా అని. చేతిని ఎవరూ చూడరు. ఇక్కడ పది మంది నా వేళ్లనే చూస్తున్నారు. పైనున్న కాయ ఒకటి తీసి చెవి దగ్గర ఊపాను. గింజ గలగలమంది. నడిమికి విరిస్తే పుటుక్కున విరిగింది. ఆవిడ "చెప్పలే?" అన్నట్టు చూసింది. అప్పుడు తట్టలో మోచేతి దాకా చెయ్యి పెట్టాను. అడుగున చల్లగా తగిలింది. ఒక కాయని బొటనవేలితో నొక్కితే విరగకుండా తోలులా వంగింది.

"పైవి ఎండాయి. అడుగువి నేల చెమ్మ తాగాయి" అన్నాను. "తట్టని రాత్రి నేల మీద పెట్టారు కదా? ఇప్పుడు డబ్బాలో పోస్తే వారం తిరక్కుండా బూజు పడుతుంది."

"నా పని నాకే చెప్తన్నావే!" అని ఆవిడ తట్టని పట్టా మీద గుమ్మరించింది. అడుగు కాయలు పైకొచ్చాయి. వంగి ఒకదాన్ని తనే చీల్చి చూసింది. లోపల గింజల పక్కన తెల్లగా నూగులాంటిది అప్పుడే మొదలైంది. చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి, వెలుగులో పట్టుకుని, చివరికి నా చెయ్యి లాక్కుని అరచేయి తన వైపు తిప్పుకుంది. కాయ ఘాటుకి ఏళ్ల తరబడి మొద్దుబారిన చెయ్యి అది.

"మంటెత్తదా?" అంది.

"మొదట్లో ఎత్తేది."

"నాదీ అంతే. తుంగ కోసుకుపోయేది మొదట్లో." తన అరచేయి నా అరచేతి పక్కన పెట్టింది. ఇరవై ఆరేళ్లలో నా పనిని ఎవరూ అలా నిలబడి చూడలేదు. చూస్తే ఎలా ఉంటుందో కూడా నాకు తెలియదు.

ఆవిడ ఇక సాయిబు గారి వైపు తిరిగింది. "నీకేం వచ్చయ్యా?"

"మాట్లాడ్డం" అన్నాడాయన. మళ్లీ తనే, "మా నాన్నకి దూదేకడం వచ్చు. నాకు నేర్పాడు. పదహారేళ్లప్పుడు వదిలేశా. పరుపులు మిషన్ల మీద వచ్చినయ్ గదా" అన్నాడు.

"అయితే వచ్చునా, రాదా?"

ఆవిడ ఇంటి మూల నుంచి చీపురంత పొడవున్న సన్నటి వెదురు బద్ద ఒకటి, పురికొస ఉండ ఒకటి తెచ్చి ఆయన ముందు పడేసింది. వెనకాల పత్తి చేలో ఏరిన దూది ఒక గంపలో ఉంటే అదీ తెచ్చింది. "పని చెడితే చెడనీ, నా దూదేగా" అంది.

"దీనికి నరంతో చేసిన తాడు కావాలమ్మా. పురికొస పలకదు" అంటూనే ఆయన కింద కూర్చుని బద్దని వంచి తాడు బిగించాడు. అది విల్లులా వంగింది. తువ్వాలు నేల మీద పరిచి, దూదిలో గింజలు ఏరి, కొంచెం పోసి, తాడుని దూదికి ఆనించి వేలితో మీటాడు. టప్పుమంది. మళ్లీ మీటాడు. దూది ఉండలాగే ఉంది. మూడోసారికి ఎగిరి ఆయన గడ్డం మీదా మీసం మీదా పడింది. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. విల్లుని కొంచెం వాల్చి, చెయ్యి దగ్గరికి తెచ్చి, కళ్లు మూసుకుని మీటాడు. ఈసారి చిన్న మోత వచ్చింది, తేనెటీగ చెవి పక్కన తిరిగినట్టు. తువ్వాలు అంచున గోరంత దూది పొగలా విచ్చుకుంది.

ఆయన ఆపేశాడు. ఆ విచ్చుకున్న దాన్ని రెండు వేళ్లతో తీసి చూసుకున్నాడు. "మా నాన్న చూస్తే వీపు మీద ఒకటి ఇచ్చేవాడు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ కళ్లు తడిసిపోయాయి. "పడవ రేవులో ఆగితే నాన్న తాడు ఒక్కసారి మీటేవాడమ్మా. కేకేసే పని లేదు. ఆ మోత విని ఊళ్లో ఆడోళ్లు దిళ్లు పట్టుకుని వచ్చేవాళ్లు."

పొద్దున పడవలో చెప్పకుండా ఆపేసింది ఇదేనని అప్పుడర్థమైంది. కాలువ కథలన్నీ చెప్పే మనిషి సొంత కథ దగ్గర మాత్రం కొంగల వైపు చెయ్యి చూపించాడు.

ఆవిడ "వచ్చుద్దిలే, నాలుగు రోజులు చేత్తే చెయ్యి తిరుగుద్ది" అని ఆ విల్లు తీసుకెళ్లి చూరుకి తగిలించింది.

వ్యాను వచ్చి హారను కొట్టింది. అందరం లేచాం గానీ ఆఫీసరు గారు లేవలేదు. "ఈ వరస అయిపోనీండి" అన్నారు. అప్పటికి ఆయన చొక్కా వీపుకి అంటుకుపోయింది. వరస వంకర పోయింది. ఆవిడ ఏమీ అనకుండా రెండు పోచలు లాగి సరిచేసింది. వెళ్లేటప్పుడు ఆయన సాయిబు గారి దగ్గర ఆగి, "ఇందాక అలా అరిచి ఉండాల్సింది కాదు" అన్నారు.

"అరవకపోతే ఎట్టా సార్? దారి చూసుకోకుండా పడవెక్కించింది నేనేగా" అన్నాడు సాయిబు గారు. ఇద్దరూ ఒకే సీట్లో కూర్చుని గుంటూరు దాకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. మేడం నా భుజం మీద తల వాల్చి నిద్రపోయారు.

నెల తర్వాత సాయిబు గారు ఫోను చేశాడు. గుర్రపుడెక్క తీసేశారట. పడవ మళ్లీ తిరుగుతోందట. ఇప్పుడు ఆ పందిరి దగ్గర కూడా ఆపుతున్నాడు, ఆవిడ ఒప్పుకుంది. అయితే ఒక షరతు పెట్టిందట. వచ్చినవాళ్లలో కనీసం ఒక్కరు తమకొచ్చిన పనేదో ముందు చేసి చూపిస్తేనే ఆవిడ చెక్క ముట్టుకుంటుంది. మొన్నొకాయన తలపాగా చుట్టి చూపించాడట. ఒక డాక్టరమ్మ దారంతో ముళ్లు వేసిందట, ఒంటి చేత్తో.

"మీ మిరపకాయల సంగతి ప్రతి ఆదివారం చెప్పుద్దమ్మా. మీరు చెప్పాక ఇంకో రెండెండలు పెట్టి డబ్బాలో పెట్టిందంట. ఒక్క కాయ పాడవలేదని చెప్పమంది."

"మరి మీ సంగతి? విల్లు?" అని అడిగాను.

"ఒంగోల్లో మా పెదనాన్న కొడుకు ఇంట్లో అటక మీద పాతది దొరికింది. నరం కూడా ఉంది. ఇంకా సరిగ్గా పలకట్లా" అన్నాడు. "రేపొచ్చే ఆదివారం ఆ పందిరి దగ్గరికి తీసుకుపోతన్నా."